అత్త పేరు మీద తెచ్చిన బిళ్ళలు

మా అత్తగారింట్లో దేవుని గూటికి పక్కనే ఇంకో గూడు ఉండేది. దేవుని గూట్లో దీపం, రెండో గూట్లో ఒక గోధుమరంగు గాజుసీసా. ఆ సీసాలో తెల్లని చిన్నచిన్న బిళ్ళలు, ఒక్కొక్కటి కందిబేడంత. నా చదువు మూడో తరగతితోనే ముగిసింది కాబట్టి సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు నాకు చీమలు పాకినట్టు కనిపించేవి. ఆ బిళ్ళ పేరు ఫినోబార్బిటోన్ అని, మూర్ఛను ఆపే మందుల్లో అది పాతకాలం మందు అని, చాలా ఏళ్ళకు మా మనవరాలు చదివి చెప్పింది. ఆ రోజుల్లో మా ఇంట్లో దాని పేరు నిద్దరబిళ్ళ. ఆ పేరు మేమే పెట్టుకున్నాం, కావాలనే పెట్టుకున్నాం. ఆ పేరే మా అక్కను పొట్టన పెట్టుకుంది.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా ఆయనకు అన్న, అంటే మా బావ, ఆయన భార్య. సింహాద్రిపురం పిల్ల. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆ ఇంటికి కోడలినై వచ్చాను. తొండూరు నుంచి బండిదారిలో లోపలికి పోతే వచ్చే పల్లె అది. మామ అప్పటికే లేడు. ఇంట్లో అత్త, బావ, అక్క, మా ఆయన, పెళ్ళికెదిగిన ఆడబిడ్డ, అక్క కొడుకు. ఆ బిడ్డ అప్పుడప్పుడే పాకుతున్నాడు. నాకు సంగటి కెలకడం చేతకాదు, మా పుట్టింట్లో మా అమ్మ ముట్టనిచ్చేది కాదు. అక్క నా వెనక నిలబడి నా రెండు చేతుల మీద తన చేతులు వేసి తెడ్డు తిప్పించేది.

"నడుము వంచు మే. సంగటి నిన్ను కెలుకుతాండాదో, నువ్వు సంగటిని కెలుకుతాండావో తెలీకుండా ఉండాది" అని నవ్వేది. అంత గట్టిగా నవ్వే ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు. వీధిలో పోయే మగవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. అత్త "గమ్మునుండు" అని కసిరేది. నవ్వు ఆగేది కాదు.

ఆ తెడ్డు పట్టుకునే ఒకరోజు పొద్దున ఆమె పడిపోయింది. కళ్ళు పైకి తేలాయి, పళ్ళు కరుచుకున్నాయి, చెయ్యి పొయ్యి గట్టున పడి కాలింది. అత్త పరుగున వచ్చి తాళాల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టింది. పక్కింటి పెద్దమ్మ ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, నలిపి ముక్కు దగ్గర పట్టింది. కాసేపటికి ఒళ్ళు వదులైంది. లేచి కూచుని "సంగటి అడుగంటింది గదా" అని అడిగింది. తనకేం జరిగిందో ఆమెకు తెలియదు. మాకు తెలుసు. అదే తేడా, ఆ తేడాతోనే ఆమె ఆ ఇంట్లో ఆ రోజు నుంచి వేరే మనిషైంది.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. అత్త కట్టుబాట్లు పెట్టింది. పొయ్యి దగ్గరికి పోగూడదు. బావి దగ్గరికి పోగూడదు. బిడ్డనెత్తుకోగూడదు. మొదటి రెండింటికీ అక్క తలూపింది. మూడోదానికి మాత్రం అత్త కాళ్ళు పట్టుకుంది. ఆమె పాలు పొంగి రవిక తడిసిపోయేది, బిడ్డ లోపలి గదిలో గుక్కపట్టేవాడు. చివరికి అత్త ఒక పద్ధతి కనిపెట్టింది. అక్కను గోడకానించి కూచోబెట్టి, బిడ్డను తన చేతుల్లోనే పట్టుకుని రొమ్ముకు అందించేది. అక్క చేతులు తన తొడల మీద పెట్టుకోవాలి, బిడ్డ మీద వెయ్యకూడదు. పాలు తాగి బిడ్డ ఆ చేతుల కోసం వెతుక్కునేవాడు. నేను అది చూడలేక దొడ్లోకి పోయేదాన్ని.

అత్త చెడ్డది కాదని నేను చాలామందితో వాదించాను. ఇప్పుడు వాదించను.

పులివెందుల మాకు దగ్గర. అక్కడ ఆసుపత్రి ఉంది. కానీ పులివెందులలో మా బంధువులు వీధికొకరు. అందుకని దూరమైనా జమ్మలమడుగు తీసుకుపోదామని బావ అన్నాడు. ముద్దనూరు మీదుగా బస్సులో పోయి, పెన్న దాటి, ఆసుపత్రి చేరాం. బావ, అక్క, నేను. అక్కడి డాక్టరమ్మ కోస్తా మనిషి, మాటకు ముందు 'అమ్మా' అనేది. అక్కను అడిగింది, నన్ను అడిగింది, కాలిన చెయ్యి చూసింది. తర్వాత చెప్పింది:

"అమ్మా, ఇది దయ్యమూ కాదు, శాపమూ కాదు. జబ్బు. మందుంది. పొద్దున ఒక మాత్ర, రాత్రి భోజనం అయ్యాక రెండు. మొదట్లో మత్తుగా ఉంటుంది, భయపడకండి. ఒక్కటే గుర్తుంచుకోండి. ఫిట్స్ రాకపోయినా మందు మానకూడదు. ఉన్నట్టుండి ఆపేస్తే ముందుకంటే గట్టిగా వస్తాయి. ఎప్పుడు తగ్గించాలో నేను చెబుతాను."

అక్కకు ఇదంతా అక్కర్లేదు. "అమ్మా, బిడ్డనెత్తుకోవచ్చునా?" అని అడిగింది.

"కొన్నాళ్ళు ఫిట్స్ రాకుండా ఉంటే ఎందుకు ఎత్తుకోకూడదు? నీ బిడ్డ నీకు కాక ఎవరికమ్మా?"

బస్సులో దారి పొడుగునా అక్క ఆ మాటే చెప్పుకుంటూ వచ్చింది. డాక్టరమ్మ యాసలోనే చెప్పి నవ్వింది. నవ్వు తిరిగొచ్చింది అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్త గడపలోనే నిలబడి ఉంది. బావ సీసా చూపించి అంతా చెప్పాడు. అత్త సీసా తీసుకుని కొంగులో చుట్టి, ముందు వీధి తలుపు వేసి, తర్వాత నోరు విప్పింది.

"ఇవి దేనికని అడిగితే ఊరికి ఏం చెప్తావురా?"

"జబ్బుకని చెప్తాం మా. ఏముంది?"

"ఏముందా? లోపల చెల్లెలు కూచోనుండాది, కనపళ్ళేదా నీకు? మూర్ఛలుండే ఇంట్లో పిల్లను ఎవురు చేసుకుంటారు?"

మా ఆయన కల్పించుకున్నాడు. "వదినకు మూర్ఛయితే చెల్లెలికేం సంబంధం మా? వదిన వేరే ఇంటి రక్తం గదా."

"రక్తం ఎవురిదో లోకానికి తెల్దురా. ఇల్లు ఎవురిదో తెలుసు" అంది అత్త. దారి కూడా తనే చెప్పింది. "నాకు నిద్దర పట్టదు, నాకోసం తెచ్చినారని చెప్పండి. అది అబద్ధం గూడా కాదు. మీ నాయన పోయినప్పట్నుంచి నాకు నిద్దర యాడుంది?"

అట్లా ఆ బిళ్ళలు అత్త పేరు మీదికి మారాయి. బావ సెనక్కాయల బండి తోలుకుని ప్రొద్దుటూరు మిల్లుకు పోయినప్పుడల్లా అక్కడి మందులషాపులో కొనుక్కొచ్చేవాడు. షాపులో కూడా మా అమ్మకని చెప్పేవాడు. ఊళ్ళో నమ్మకం కలగాలని అత్త రోజూ దీపాలవేళ అరుగు మీద ఆడవాళ్ళు కూచుని ఉన్నప్పుడు, "మే చిన్నా, నా నిద్దరబిళ్ళ తీసకరా" అని కేకవేసేది. నేను బిళ్ళా చెంబుడు నీళ్ళూ తెచ్చిచ్చేదాన్ని. ఆమె అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని, దవడన పెట్టుకుని, తర్వాత దొడ్లోకి పోయి ఉమ్మేసేది. అక్కకు ఇవ్వాల్సినవి ఎవరూ చూడకుండా ఇవ్వాలి కదా. సంగటి ముద్దలో నెయ్యి కోసం వేలితో గుంట చేస్తాం చూడండి, ఆ గుంటలో నేను బిళ్ళలు పెట్టి పైన నెయ్యి పోసి ఆమె ముందు పెట్టేదాన్ని. ఆడబిడ్డ స్నేహితురాళ్ళు ఎదురుగా కూచున్నా ఎవరికీ తెలిసేది కాదు. మొగుడు చనిపోయిన ముసలామె నిద్ర కోసం తినే మందు ఊరంతటికీ తెలుసు, వయసులో ఉన్న మనిషి ప్రాణం కోసం తినే మందు సంగటిలో పూడ్చిపెట్టాం.

ఇక ఊరు ఊరుకుంటుందా! పక్కింటి పెద్దమ్మ ఒకటి అడిగి తీసుకుపోయింది. మరునాడు మధ్యాహ్నం దాకా లేవలేదు, కోడళ్ళు ఏడుపు మొదలుపెట్టాక లేచి "ఎవురు సచ్చినారే?" అని అడిగిందట. ఎదురింటి గొడ్ల మామ వచ్చి, "మేయ్ వదినా, మా ఎనుము పాలు పిండనీకుండా తంతాండాది. ఒకటియ్యి, కుడితిలో కలిపి చూస్తా" అన్నాడు.

"ఎనుముకు పెట్టేదానికి ముందు నువ్వు మింగప్పా. నీ మొగం చూసే అది తంతాండాది" అంది అత్త. అరుగంతా నవ్వింది. అక్క లోపల్నుంచి అందరికంటే పైన నవ్వింది.

ఒకరోజు అత్త ఉమ్మెయ్యడం మరిచిపోయిందో, చూద్దామనుకుందో, మింగేసింది. ఆ రాత్రి ఆమె గురక మాకందరికీ వినిపించింది. పొద్దున లేచి కూచుంది. కళ్ళలో నీళ్ళు. "ఇంత తీపి నిద్దర లోకంలో ఉండాదని నాకు తెల్దు మే" అని నాతో చెప్పింది. మామ పోయినప్పట్నుంచి నిజంగానే ఆమెకు నిద్ర లేదు. ఆ మాట అబద్ధం కాదు, నేను ఒప్పుకుంటాను. ఆ రోజు నుంచి ఆమె ఉమ్మలేదు. ఒకటి రెండైంది. ఏడాది తిరిగేసరికి పగలు కూడా ఒకటి. బిళ్ళ ఆలస్యమైతే చేతులు వణికేవి, అందరినీ తిట్టేది. బావ సీసాతో పాటు ఇంకో సీసా తేవడం మొదలుపెట్టాడు. బిడ్డకు పళ్ళొచ్చి ఏడిస్తే ఒకసారి పాలల్లో కొంచెం నూరి కలపబోయింది. అక్క ఆ గిన్నె లాక్కుని దొడ్లో పారబోసింది. అత్తకు ఎదురుతిరగడం అదొక్కసారే చూశాను.

అక్కకు మటుకు మందు పనిచేసింది. మొదట్లో తూగేది, రాగులు విసురుతూ రాతి మీదే తల వాల్చేది. "రాజుగారి కూతురు, పవళించింది" అని అత్త ఎత్తిపొడిచేది. మెల్లగా ఆ మత్తు పోయింది. మూర్ఛలు రాలేదు. ఎండాకాలం పోయింది, రాలేదు. సెనక్కాయలు పీకి ఇల్లు చేర్చాం, రాలేదు. అత్త ముందు పొయ్యి కట్టుబాటు వదిలింది, తర్వాత బావి కట్టుబాటు వదిలింది. బిడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడు నడవడం నేర్చాడు, నాయనమ్మ చేయి పట్టుకునే నడిచాడు.

ఒక సాయంత్రం అత్త తనంతట తానే వాణ్ణి తెచ్చి అక్క ముందు నిలబెట్టి, "ఎత్తుకో" అంది. అక్క నిలబడి ఎత్తుకోలేదు. పోయి గోడకానుకుని కూచుంది, కాళ్ళు చాపుకుంది, చేతులు తొడల మీద పెట్టుకుంది, అలవాటుగా. నేను "చేతులెత్తక్కా" అనేదాకా ఆమెకు గుర్తు రాలేదు. వాడు ఒళ్ళో కూచుని ఆమె ముక్కుపుడక పట్టుకు లాగాడు. ఆ ఇంట్లో నేను చూసిన మంచిరోజు ఏదంటే అదే చెప్తాను.

ఆ తర్వాత, రాజధాని హైదరాబాదుకు పోయినాక, ఆడబిడ్డకు ప్రొద్దుటూరు సంబంధం కుదిరింది. ఊళ్ళో ఇల్లు, చుట్టూ పల్లెల్లో భూములు, పిల్లవాడు నిదానస్తుడు. పెళ్ళి మా ఇంట్లోనే. మగపెళ్ళివాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. వియ్యపురాలు లావుపాటి మనిషి, మోచేతుల దాకా గాజులు, ఏదీ నచ్చదు. నీళ్ళు చప్ప, పప్పులో కారం తక్కువ, మంచం నులక గుచ్చుకుంటోంది. ముఖ్యంగా కొత్తచోట నిద్ర పట్టదని ఒకటే గోల. దీపాలవేళ అత్త బిళ్ళ మింగుతుంటే చూసింది.

"ఏంది వదినా అది?"

"నిద్దరబిళ్ళ వదినా."

"నాకోటియ్యి, పుణ్యముంటుంది."

వియ్యపురాలు అడిగితే లేదనగలమా? పెళ్ళిలో ఆమె అలిగితే తాళి ఆగుతుంది. అత్త ఇచ్చింది. మరునాడు వియ్యపురాలి ముఖం విచ్చుకుంది. నీళ్ళు తీపయ్యాయి, పప్పు బాగుంది, మంచం కూడా మెత్తబడింది. "మా వదిన ఇంట్లో అమృతముండాది" అని పందిట్లో అందరికీ చెప్పింది. పెళ్ళి జరిగిన రోజులన్నీ ఆమెకూ ఆమె చెల్లెలికీ ఇద్దరికీ అందాయి. పోయేరోజు ఒడిబియ్యం పోస్తుంటే, "ఆ బిళ్ళలు కూడా కాసిని కట్టియ్యి వదినా" అంది. అత్త సీసా వంచి ఆమె కొంగులో పోసింది. రెండో సీసా కూడా తెప్పించి పోసింది. పసుపుతో, కుంకుమతో, తమలపాకులతో పాటు అక్క ప్రాణాన్ని కూడా మూటగట్టి పంపించాం. ఆ పని చేసేటప్పుడు అత్త ముఖంలో ఎంత గొప్ప ఉందో! ఆమె పేరు మీది సొత్తు కదా, ఆమె ఇచ్చుకుంది. అవి ఎవరివో ఆమే మరిచిపోయింది. అక్కవి అన్న సంగతి ఇంట్లో అందరమూ నోరారా అనక ఎంతకాలమైందో!

బండ్లు కదిలాక నేను సీసా ఎత్తి చూశాను. అడుగున కొన్ని మిగిలాయి.

"అత్తా, అక్కకు?" అన్నాను.

"దానికెప్పుడో నయమైపోలేదా? ఎన్నాళ్ళాయె, ఒక్కసారన్నా వచ్చినాదా? ఇవి నాకుండనీ. ఇవి లేకుంటే నాకు కన్ను మూతపడదు."

"మానగూడదని డాక్టరమ్మ చెప్పింది గదత్తా."

"డాక్టరమ్మ ఈడ కాపురం చేస్తాండాదా?"

బావ దగ్గరికి పోయాను. బావ చెడ్డవాడు కాదు, కానీ అమ్మ మాటకు అడ్డం పోడు. "పదహారునాళ్ళ పండగ కానియ్యమ్మా. ఆ మందులషాపు వియ్యాలవాళ్ళ ఇంటి పక్కనే. మొన్న పెండ్లికి రెండు సీసాలు తెచ్చి, మళ్ళీ పోతే వాళ్ళు ఇన్ని ఎవురికని అడగరా? పండగ కాగానే తెస్తా" అన్నాడు. మా ఆయన నన్నే నోరు మూసుకోమన్నాడు. అక్కకు చెప్పాను. అక్క తల దువ్వుకుంటూ వింది.

"నాకేం కాదులే మే. పిల్ల కాపురానికి పోయినాది, దాని కాపురం నిలబడనీ. నా బిడ్డ నా ఒళ్ళో ఉండాడు. ఇంకేం గావాల నాకు?"

ఆ రోజుల్లో సంగటి ముద్దలో నెయ్యి పోసేటప్పుడు గుంట ఖాళీగా ఉండేది. నేను నెయ్యి ఎక్కువ పోసేదాన్ని, ఏదో ఒకటి నింపాలి కదా అని.

పదహారునాళ్ళ పండగకు కొత్త దంపతులనూ, వియ్యపురాలినీ, ఇంకా ఇరవైమంది దాకా చుట్టాలనూ పిలిచాం. వంట దొడ్లో పెద్ద పొయ్యిల మీద. అక్క పొద్దున్నుంచి చేతులు అదిరిపడుతున్నాయని అంటూనే ఉంది, చేతిలో గరిటె రెండుసార్లు జారింది. నేను బిడ్డను చంకనేసుకుని బెల్లం కోసం కొట్టంలోకి పోతే, అక్కడ గడ్డికుప్ప పక్కన అక్క పడి ఉంది. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. నేను బిడ్డ ముఖం నా భుజానికి అదిమి, అత్తను పిలిచాను. అత్త వచ్చింది, బావ వచ్చాడు. మూర్ఛ ఆగింది. ఆమె కళ్ళు తెరవకముందే రెండోది వచ్చింది. తర్వాత ఇంకోటి. మధ్యలో తెలివి రాలేదు.

"బండి కట్టు బావా" అన్నాను.

బండి వీధి వైపు ఉంది. వీధిలో పందిరి, పందిట్లో వియ్యాలవారు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోంది. ఏడుస్తూనే లెక్కలు వేసుకుంటోంది. "వాళ్ళ ముందర ఎట్లా తీసకపోతావురా? భోజనాలు కానీ. వాళ్ళు బండ్లెక్కనీ. ఇది ముందుగూడా వచ్చి పోయిందే గదా, ఇప్పుడూ పోతాది." అక్కను కొట్టం పక్క గదిలో పడుకోబెట్టి, గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టి, తలుపు దగ్గరేసింది. ముందుకు వచ్చి చుట్టాలతో, "మా పెద్దకోడలు బయట చేరింది, ఆ పక్కకు ఎవురూ పోవద్దండి" అని చెప్పింది. అంతకంటే గట్టి తాళం లోకంలో లేదు. ఒక్కరు కూడా ఆ వైపు తొంగిచూడలేదు. మైలని వియ్యపురాలైతే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తిరిగింది.

నేను లోపల కూచున్నాను. బయట విస్తళ్ళు వేస్తున్నారు. ఓళిగల వాసన. అత్త నవ్వు వినిపిస్తోంది, "ఇంకోటేసుకో వదినా, నా మీద ఒట్టు" అని. నా ఒళ్ళో అక్క తల. తాళాలగుత్తి కొట్టుకుని గలగలమన్నప్పుడల్లా నేను దాన్ని గుప్పిట్లోంచి తీసేయబోయాను, వేళ్ళు విడిరాలేదు. ఎన్నిసార్లు వచ్చిందో నేను చెప్పలేను. ఎండ గోడ దిగి, వాకిలి దాటి, నీడ పడే దాకా వస్తూనే ఉంది. కొత్తపెళ్ళికూతురు, మా ఆడబిడ్డ, ఒకసారి తలుపు తీసి చూసింది. చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ తలుపు మూసింది. ఆ పిల్లను నేను ఏమీ అనను. ఆ తలుపు చప్పుడు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది.

చుట్టాలు పోయాక బండి కట్టారు. పులివెందుల దగ్గర అని నేనంటే, బావ ఎడ్లను ముద్దనూరు దారికే తిప్పాడు. రోడ్డు మీదికి చేరాక సెనక్కాయల లారీ ఒకటి దొరికింది. జమ్మలమడుగు చేరేసరికి అక్క ఒళ్ళు కొట్టుకోవడం కూడా మానేసింది. ఇక ఊపిరి మాత్రమే గుర్రుగుర్రుమంటోంది. డాక్టరమ్మ సూదులు వేసింది. మధ్యలో నిలబడి బావను అడిగింది:

"మాత్రలు ఆపారా?"

"లేదమ్మా. ఇస్తానే ఉండాం" అన్నాడు బావ. గోడ వైపు చూస్తూ అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నేను చెప్పాను. "ఆపినారమ్మా. వియ్యపురాలికిచ్చినారు."

ఆమెకు అర్థం కాలేదు. "ఎవరికి? ఆవిడకూ ఫిట్సా?"

"కాదమ్మా. ఆయమ్మకు మా ఇంట్లో నిద్దర పట్టలేదు."

డాక్టరమ్మ తిరిగి అక్క మంచం దగ్గరికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తెల్లవారాక అక్క పోయింది. గుప్పిట అప్పుడు విడింది.

ఊరికి కడుపునొప్పి అని చెప్పారు. ఉన్నట్టుండి వచ్చింది, కనిపెట్టేలోగా పోయింది అని. ఊరు నమ్మింది, నమ్మకపోతే వాళ్ళకు మాత్రం ఏం పని. పెద్దదినానికి వియ్యపురాలు వచ్చి అత్తను పట్టుకుని ఏడ్చింది. బంగారమంటి కోడలు, చేతి వంట ఇంకా నోట్లోనే ఉంది అంది. కళ్ళు తుడుచుకున్నాక నన్ను పక్కకు పిలిచి, "ఆ బిళ్ళలేమన్నా ఉండాయా పాపా? మావి అయిపోయినాయి. ఈ దుఃఖంలో మీ అత్తనడిగేదానికి మనసొప్పలే" అని గుసగుసలాడింది.

"లేవు పెద్దమ్మా, అయిపోయినాయి" అన్నాను. నిజమే చెప్పాను.

అయిపోయాయి కాబట్టి అత్త బావను తెమ్మంది. బావ అప్పుడు మొదటిసారి తల్లికి ఎదురు మాట్లాడాడు. "ఆ బిళ్ళ పేరు ఇంకోసారి ఈ ఇంట్లో ఎత్తితే నేను బాయిలో దూకుతా" అన్నాడు. అత్త మళ్ళీ అడగలేదు. ఆమెకు నిద్ర దూరమైంది. చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, ఈగ వాలినా ఉలిక్కిపడేది. దుఃఖం అనుకున్నాం. కొన్నాళ్ళకు ఒక పొద్దున మనవడికి సద్ది కలిపి పెడుతూ పెడుతూ పక్కకు ఒరిగిపోయింది. కళ్ళు తేలాయి. పళ్ళు కరుచుకున్నాయి. మజ్జిగ చెంబు దొర్లి వాకిట్లోకి పోయింది. బిడ్డ గోడకు అతుక్కుపోయాడు.

పక్కింటి పెద్దమ్మ చూసి, "పోయిన కోడలు వచ్చి పట్టుకుంది" అంది. గండికి తీసకపోయి ఆంజనేయస్వామి దగ్గర పడుకోబెట్టమంది. బావ ఆ మాటకు వణికిపోయాడు, నమ్మాడనే అనుకుంటాను. నేను నమ్మలేదు. అక్క పట్టుకునే రకం కాదు. పట్టుకోవాలంటే బిడ్డను పట్టుకునేది.

మళ్ళీ జమ్మలమడుగు. ఈసారి అత్తను మధ్యలో కూచోబెట్టుకుని మా ఆయనా నేనూ పోయాం. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. ఎన్నాళ్ళ నుంచి ఆ మాత్రలు తింటోందో, ఎన్నేసి తిందో, ఎప్పుడు ఆగిపోయాయో అడిగింది. అన్నీ నేనే చెప్పాను, అత్త కళ్ళు నేల మీద పెట్టుకుని కూచుంది.

"అమ్మా, మీకు జబ్బు లేదు. లేని జబ్బుకు మందు తిన్నారు, తిని ఒంటికి అలవాటు చేసుకున్నారు. అలా చేసుకుని ఒక్కసారిగా మానేస్తే, జబ్బు లేనివాళ్ళకు కూడా మూర్ఛ వస్తుంది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టి, నెలల తరబడి మెల్లగా తగ్గించాలి. అంతవరకు ఒక్కపూట కూడా మానకూడదు" అని అదే గోధుమరంగు సీసా చేతికిచ్చింది. ఆ చివరి మాట అక్కకు చెప్పినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది.

వచ్చేటప్పుడు బస్సులో అత్త సీసా కొంగులో చుట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. తొండూరులో దిగి బండి ఎక్కాక, ఊరు కనపడేటప్పుడు, నా చెయ్యి పట్టుకుంది. ముసలిచెయ్యి, చల్లగా ఉంది.

"మే చిన్నా. నాకు మూర్ఛ వచ్చినాదని ఎవురికీ చెప్పొద్దు. ప్రొద్దుటూరికి తెలిస్తే పిల్ల కాపురం ఏమైతుంది?"

"మరి ఈ బిళ్ళలు దేనికని అడిగితే ఏం చెప్పమంటావత్తా?"

ఆమె సీసా ఉన్న కొంగును నడుము దగ్గర దోపుకుంది.

"నిద్దరబిళ్ళలని చెప్పు" అంది.